‘ఫ్యూ’కీ ‘ఎ ఫ్యూ’కీ మధ్య: 6 వారాల గ్రామర్ కోర్సుపై నా రివ్యూ

ఈ కోర్సులో నేను చేరింది ఒకే ఒక్క అక్షరం కోసం. అది ‘ఎ’.

నేను ఒక ప్యాకింగ్ యూనిట్‌లో నైట్ షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని. షిఫ్ట్ దిగే ముందు ఇంగ్లీషులో ఒక పేజీ రిపోర్టు రాసి పెట్టాలి. ఏం జరిగింది, ఎన్నింటికి జరిగింది, ఎక్కడ, ఎంతసేపు. తొమ్మిదేళ్ళుగా రాస్తున్నాను. నా ఇంగ్లీషు గొప్పది కాకపోయినా చదివేవాళ్ళకు విషయం అందుతోందని నమ్మకంగా ఉండేదాన్ని.

ఒక రాత్రి 14వ లాట్‌లో కొన్ని సీసాల సీళ్ళు వదులుగా కనిపించాయి. ‘ఫ్యూ సీల్స్ వర్ లూజ్ ఇన్ లాట్ 14’ అని రాసి, లాట్ ఆపి చూస్తారులే అనుకుని వెళ్ళిపోయాను. పొద్దున అది చదివిన మేనేజర్‌గారు లాట్‌ని లోడింగ్‌కి పంపేశారు. మధ్యాహ్నం ఎవరో ఒక పెట్టె విప్పి చూడబట్టి ఆగింది. ఎక్కించినవన్నీ దించి, ఒక్కొక్కటీ చూసి, మళ్ళీ ఎక్కించారు. నన్ను పిలిచి అడిగితే, రాశాను కదా సార్ అన్నాను. “మీరు ఫ్యూ అని రాశారమ్మా. అంటే వదులైనవి దాదాపు లేవనేగా?” అన్నారు. ఆయన చదివిందే సరైన అర్థం. నేను రాయాల్సింది ‘ఎ ఫ్యూ’.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తొమ్మిదేళ్ళ రిపోర్టుల్లో ఇంకెన్నిచోట్ల ఇలా రాసి ఉంటానోనన్న టెన్షన్. నెల తిరక్కుండానే ఈ కోర్సులో చేరాను. మొన్న పూర్తయింది.

కోర్సు 6 వారాలు, వారానికి 4 పాఠాలు. ఒక్కో పాఠం సుమారు 20 నిమిషాల వీడియో. తర్వాత ఖాళీలు పూరించే ఎక్సర్‌సైజులుంటాయి, వాటిని కంప్యూటరే దిద్దుతుంది. వారం చివర మనం సొంతంగా ఒక పేరా రాసి పంపితే టీచర్ చదివి దిద్ది పంపుతారు. కోర్సు విషయం చాలా చిన్నది. పరిమాణం చెప్పే మాటలు, అంటే సమ్, ఎనీ, మెనీ, మచ్, ఫ్యూ, లిటిల్, ఆల్, మోస్ట్, బోత్, ఈచ్, నన్ లాంటివి, పాస్ట్ టెన్స్ వాక్యంలో ఇన్, ఆఫ్ లాంటి ప్రిపోజిషన్లతో కలిసి ఎలా కూర్చుంటాయన్నదే. ఇంత చిన్న విషయానికి 6 వారాలా అని మొదట నాకూ అనిపించింది.

ఈ కోర్సులో నాకు అన్నిటికంటే నచ్చింది ఆ కలపడమే. ఇంతకు ముందు నేను చదివిన గ్రామర్ పుస్తకాల్లో టెన్సులు ఒక అధ్యాయం, క్వాంటిఫయర్లు, అంటే ఈ పరిమాణం చెప్పే మాటలు, ఒక అధ్యాయం, ప్రిపోజిషన్లు ఇంకో అధ్యాయం. ఏ అధ్యాయానికి ఆ అధ్యాయం ఎక్సర్‌సైజులు చేస్తే అన్నీ కరెక్టే వచ్చేవి. వాక్యం రాసేటప్పుడు మాత్రం మూడూ ఒకేసారి మీద పడతాయి. ఎన్ని అన్నది తేలితేగాని క్రియ ‘వాజ్’ కావాలో ‘వర్’ కావాలో తేలదు. ‘ఆఫ్’ పెట్టాలా వద్దా అన్నది తేలితేగాని ‘ఇన్’ ఎక్కడ పెట్టాలో తెలియదు. ఈ కోర్సు మొదటి రోజు నుంచీ మూడింటినీ ఒకే వాక్యంలో పెట్టి చెబుతుంది.

మొదటి వారం మెనీ, మచ్, సమ్, ఎనీ. కొత్తేమీ లేదు, తొందరగా దాటేశాను. లెక్కపెట్టలేని నామవాచకాల జాబితా మాత్రం పనికొచ్చింది. ‘డ్యామేజ్’, ‘ఎక్విప్‌మెంట్’, ‘ఇన్ఫర్మేషన్’ అన్నీ అందులోవే. ‘మెనీ డ్యామేజెస్’ అని నేను ఎన్ని రిపోర్టుల్లో రాశానో. అక్కడ ఉండాల్సింది ‘ఎ లాట్ ఆఫ్ డ్యామేజ్’. మన తెలుగులో ఈ చీలిక వేరేచోట ఉంది. మనుషులైతే కొందరు, వస్తువులైతే కొన్ని, లెక్కపెట్టలేనిదైతే కొంత. ఇంగ్లీషు ‘సమ్’ ఈ మూడింటికీ ఒక్కటే. అదే ఇంగ్లీషు చాలా అన్న మన ఒక్క మాటను మెనీ, మచ్ అని రెండు చేసుకుంది. ఈ పోలిక కోర్సులో లేదు, నేనే నోట్సులో రాసుకున్నాను. కోర్సు ఏ భాషవాళ్ళకైనా ఒకటే కాబట్టి అందులో తెలుగు ఎక్కడా రాదు. కానీ పక్కన తెలుగు పెట్టుకుని చదివినచోటల్లా నాకు పాఠం రెండింతలు అర్థమైంది.

రెండో వారంలో నా ‘ఎ’ వచ్చింది. ‘ఫ్యూ’ అంటే చాలినన్ని లేవు, లేనట్టే అన్న చూపు. ‘ఎ ఫ్యూ’ అంటే కొన్ని ఉన్నాయి అన్న చూపు. ‘లిటిల్’, ‘ఎ లిటిల్’ కూడా అంతే, లెక్కపెట్టలేనివాటికి. వీడియోలో ఈ తేడా చక్కగానే చెప్పారు, అయినా రెండు రోజులు నాకు అది చెవికి పట్టలేదు. మూడో రోజు పడుకోబోతూ పైకి అనుకున్నాను: కొద్దిమంది వచ్చారు, కొద్దిమందే వచ్చారు. కొంచెం టైముంది, కొంచెమే టైముంది. అంతే, పట్టు దొరికింది. మనకీ ఈ తేడా ఉంది, చిన్నప్పటినుంచీ వాడుతున్నాం. మనం తక్కువైందని చెప్పడానికి చివర ‘ఏ’ చేరుస్తాం. ఇంగ్లీషువాళ్ళు ఉన్నాయని చెప్పడానికి ముందు ‘ఎ’ చేరుస్తారు. గుర్తు ఇటునుంచి అటు మారింది, అంతే. ఇప్పుడు ‘ఫ్యూ’ అని రాసేముందు లోపల ‘కొద్దిమందే’ అని పలికి చూసుకుంటాను. ఆ ‘ఏ’ పలికితే అలాగే ఉంచుతాను, పలకకపోతే ముందు ‘ఎ’ పెడతాను. ఆ రోజు నుంచి ఒక్కసారి కూడా తప్పలేదు.

మూడో వారం ఈ కోర్సుకి గుండెకాయ. మిగతా 5 వారాలు లేకపోయినా దీని కోసం చేరవచ్చు.

మేము వాటిలో కొన్నింటిలో పగుళ్ళు చూశాం. ఈ మాటను ఇంగ్లీషులో చెప్పమంటే నేను ఇదివరకు తడబడేదాన్ని. లో అంటే ఇన్ కదా, ఇక్కడ రెండు లోలు ఉన్నాయి. అందుకే నా రిపోర్టుల్లో ‘సమ్ ఇన్ దెమ్’ అని, ‘వన్ ఇన్ ద వర్కర్స్’ అని పడేది. పాఠంలో వాక్యం ఇది: ‘వి ఫౌండ్ క్రాక్స్ ఇన్ సమ్ ఆఫ్ దెమ్’. నేను దాని కింద తెలుగు ముక్కలు రాసి చూశాను. మన వరస: వాటి, లో, కొన్నింటి, లో. వాళ్ళ వరస: ఇన్, సమ్, ఆఫ్, దెమ్. వెనకనుంచి చదవండి: దెమ్, ఆఫ్, సమ్, ఇన్. వాటి, లో, కొన్నింటి, లో. అద్దంలో చూసినట్టు సరిగ్గా తిరగబడి ఉంది! మొదటి లో గుంపులోంచి కొంత విడదీసే లో, దానికి వాళ్ళ మాట ‘ఆఫ్’. రెండోది చోటు చెప్పే లో, దానికి ‘ఇన్’. ఇది చూశాక ఎంత పొడుగు వాక్యమైనా భయం లేకుండా రాస్తున్నాను. వాళ్ళలో చాలామందితో మాట్లాడాను. వెనకనుంచి కట్టుకుంటూ వస్తే ‘ఐ స్పోక్ విత్ మెనీ ఆఫ్ దెమ్’. ఇదంతా రాత్రి రెండింటికి బెల్టు పక్కన నిలబడి వేళ్ళ మీద లెక్కేసుకుంటూ నేర్చుకున్నాను.

‘ఆఫ్’ ఎప్పుడు రావాలన్నది కూడా ఈ వారంలోనే. ఏదో ఒక తెలిసిన గుంపులోంచి తీసి చెప్పినప్పుడు, అంటే వెనక దెమ్, అస్, ద, మై, దీజ్ లాంటివి ఉన్నప్పుడు ‘ఆఫ్’ వస్తుంది. ఊరికే మొత్తంగా చెబితే రాదు. ‘మోస్ట్ పీపుల్’ సరే, ‘మోస్ట్ ఆఫ్ ద పీపుల్’ సరే, ‘మోస్ట్ ఆఫ్ పీపుల్’ తప్పు. ‘ఆల్’, ‘బోత్’ తర్వాత ‘ద’ వస్తే ‘ఆఫ్’ ఉన్నా లేకున్నా పరవాలేదు గానీ దెమ్, అస్ వస్తే ఉండి తీరాలి. ‘ఎవ్రీ’కి నేరుగా ‘ఆఫ్’ తగలదు, మధ్యలో ‘వన్’ కావాలి. ఇక ‘బిట్వీన్ బోత్ బెల్ట్స్’ అని నేను రాసేది కూడా ఇక్కడే పోయింది, అక్కడ ‘బిట్వీన్ ద టూ బెల్ట్స్’ అనాలి.

నాలుగో వారం క్రియ. ఇందులో మొదటి పది నిమిషాలు వింటే చాలా బరువు దిగుతుంది. మామూలు పాస్ట్ టెన్స్ క్రియకు ఏకవచనం, బహువచనం తేడా లేదు. ‘ఈచ్ ఆఫ్ ద మెషీన్స్ స్టాప్డ్’, ‘ఆల్ ఆఫ్ ద మెషీన్స్ స్టాప్డ్’. రెండింటికీ ‘స్టాప్డ్’ ఒకటే. ప్రెజెంట్‌లోనైతే ‘స్టాప్స్’, ‘స్టాప్’ అని చూసుకోవాలి. మనకైతే ఆగింది, ఆగాయి అని పాస్ట్‌లోనూ మారుతుంది కాబట్టి, ఇంగ్లీషులో కూడా ఏదో మార్చాలేమోనని నేను అనవసరంగా బెంగపడేదాన్ని. మారేది ‘వాజ్’, ‘వర్’ దగ్గర ఒక్కటే. చిక్కంతా అక్కడికి కుదించుకుపోయింది.

ఆ ‘వాజ్’, ‘వర్’ సంగతి కోర్సులో ఇలా చెప్పారు. ఆల్, సమ్, మోస్ట్, హాఫ్, ఎ లాట్ అన్నప్పుడు క్రియ ‘ఆఫ్’ వెనక ఉన్న మాటను చూస్తుంది. ‘మోస్ట్ ఆఫ్ ద వర్క్ వాజ్ డన్’, ‘మోస్ట్ ఆఫ్ ద బాటిల్స్ వర్ ఫిల్డ్’. వన్, ఈచ్, ఎవ్రీ వన్ అన్నప్పుడు వెనక ఎన్ని ఉన్నా క్రియ ‘వాజ్’ దగ్గరే ఆగుతుంది. ‘వన్ ఆఫ్ ద మెషీన్స్ వాజ్ బ్రోకెన్’. ఇక్కడ ‘మెషీన్స్’ అని బహువచనం ఉండాలి, ‘వాజ్’ అని ఏకవచనం ఉండాలి. నేను తొమ్మిదేళ్ళూ ఈ రెండూ తారుమారు చేశాను. ‘ఎ నంబర్ ఆఫ్ బాటిల్స్ వర్ బ్రోకెన్’ అంటే కొన్ని పగిలాయని. ‘ద నంబర్ ఆఫ్ బ్రోకెన్ బాటిల్స్ వాజ్ హై’ అంటే పగిలినవాటి సంఖ్య ఎక్కువగా ఉందని. ఇది కష్టంగా అనిపిస్తే మీ తెలుగు వాక్యం చివర చూడండి: పగిలాయి, ఉంది. జవాబు అక్కడే ఉంది.

ఈ వారంలోనే కోర్సు నన్ను బాగా విసిగించింది కూడా. ‘నన్ ఆఫ్ ద సీల్స్ వర్ లూజ్’ అని పూరిస్తే కంప్యూటర్ తప్పని ఎర్రగా చూపించింది. ‘వాజ్’ ఒక్కటే సరైనదట. నాలుగుసార్లు చేశాను, నాలుగుసార్లూ మార్కు పోయింది. వారం చివర పేరాలో కావాలనే అదే వాక్యం రాసి పంపితే టీచర్‌గారు ఏమీ దిద్దలేదు. అడిగితే, రెండూ వాడుకలో ఉన్నాయి, ‘వాజ్’ కొంచెం లాంఛనంగా వినిపిస్తుంది, లెక్కపెట్టలేని మాట వస్తే మాత్రం ‘వాజ్’ ఒక్కటే అని వివరంగా జవాబిచ్చారు. ఆ జవాబు పాఠంలో ఉండాల్సింది. సరైన వాక్యం రాసిన మనిషికి తప్పని చెబితే, ఆ మనిషి మిగతా సరైనవి కూడా అనుమానించడం మొదలుపెడుతుంది. కోర్సు నడిపేవాళ్ళు దీన్ని వెంటనే సరిచేయాలి. ‘నైదర్ ఆఫ్ దెమ్’ విషయంలోనూ ఇదే గొడవ. రాతలో ‘వాజ్’ నేర్పడం మంచిదే, కానీ మాటల్లో ‘వర్’ కూడా వినిపిస్తుందని ఒక్క ముక్క చెబితే పోయేదేముంది?

ఐదో వారం ‘లేదు’ అనే వారం. ‘డిడ్‌న్ట్ కేమ్’ అని రాసేవాళ్ళు ఈ వారాన్ని రెండుసార్లు చూడండి. ‘డిడ్’ కాలాన్ని మోస్తుంది కాబట్టి అసలు క్రియ ఖాళీ చేతులతో వస్తుంది: ‘డిడ్‌న్ట్ కమ్’. ఇది మనకు కొత్తేమీ కాదు. వచ్చాను, వచ్చాడు, వచ్చారు. లేదు చేరితే? నేను రాలేదు, వాడు రాలేదు, వాళ్ళు రాలేదు. కాలం, మనిషి అన్నీ ఊడిపోయి ‘రా’ మిగిలింది. ‘కమ్’ కూడా అలా మిగిలిందే.

కానీ ఇదే చోట తెలుగు మనల్ని పడేస్తుంది కూడా. మన ఎవరూ, ఏదీ, ఏమీ పక్కన లేదు ఉండాలి. ఎవరూ రాలేదు. దాన్ని మాటకు మాట దించితే ‘నోబడీ డిడ్‌న్ట్ కమ్’ అవుతుంది, లేదా ‘ఎనీబడీ డిడ్‌న్ట్ కమ్’ అవుతుంది. రెండూ కుదరవు. ‘నోబడీ’, ‘నన్’ తమలోనే లేదును దాచుకున్నాయి కాబట్టి ‘నన్ ఆఫ్ దెమ్ కేమ్’ చాలు. ‘ఎనీ’ మన ఏమీకి దగ్గర బంధువు, దానికి ‘డిడ్‌న్ట్’ కావాలి, పైగా అది ‘డిడ్‌న్ట్’ తర్వాతే రావాలి: ‘వి డిడ్‌న్ట్ ఫైండ్ ఎనీ’.

ఇంకోటి, అందరూ రాలేదు అన్న మాట. మనం అన్నప్పుడు కొందరు వచ్చారు, కొందరు రాలేదని గొంతును బట్టి తెలుస్తుంది. ‘ఆల్ ఆఫ్ ద వర్కర్స్ డిడ్‌న్ట్ కమ్’ అని కాగితం మీద పెడితే చదివేవాళ్ళకు ఒక్కరూ రాలేదా, కొందరు రాలేదా తెలియదు. షిఫ్ట్ రిపోర్టులో ఇది చిన్న విషయం కాదు, దాన్ని బట్టే మనుషుల్ని సర్దుతారు. ‘నాట్ ఆల్ ఆఫ్ ద వర్కర్స్ కేమ్’ అనో, ‘నన్ ఆఫ్ ద వర్కర్స్ కేమ్’ అనో రాయాలి. దీనికి కోర్సులో కేటాయించింది రెండే నిమిషాలు. నన్నడిగితే ఒక పూర్తి పాఠం ఇవ్వాలి.

ఆరో వారంలో కాలం చెప్పే ప్రిపోజిషన్లు. కొన్ని నిమిషాలపాటు అంటే ‘ఫర్ ఎ ఫ్యూ మినిట్స్’. కొన్ని నిమిషాల్లో అయిపోయింది అంటే ‘ఇన్ ఎ ఫ్యూ మినిట్స్’. ‘డ్యూరింగ్’ ఎంతసేపు అన్నదానికి రాదు, ఎప్పుడు అన్నదానికి వస్తుంది: ‘డ్యూరింగ్ ద షిఫ్ట్’. చాలా రోజుల నుంచి అన్నప్పుడు నుంచి చూసి ‘ఫ్రమ్ మెనీ డేస్’ అని రాయకూడదు. ‘ద బెల్ట్ హ్యాడ్ బీన్ నాయిజీ ఫర్ సెవరల్ డేస్’ అనాలి. ఇవన్నీ ఎక్కడైనా దొరుకుతాయి. నాకు ఉపయోగపడింది ‘అగో’, ‘బిఫోర్’ తేడా. ‘అగో’ ఇప్పటినుంచి వెనక్కి లెక్కపెడుతుంది. రాత్రి 3కి జరిగినదాన్ని ‘ఎ ఫ్యూ మినిట్స్ అగో’ అని రాస్తే, పొద్దున 9కి చదివేవాళ్ళకు ఆ మాట వల్ల ఏమీ తెలియదు. ‘ఎ ఫ్యూ మినిట్స్ బిఫోర్ ద పవర్ కట్’ అని రాస్తే ఎప్పుడు చదివినా ఒకటే అర్థం. మనకూ క్రితం, ముందు అని రెండు మాటలున్నాయి, వాడేటప్పుడు పట్టించుకోం.

ఈ వారం వీడియోలు మాత్రం హడావిడిగా ఉన్నాయి. గడువులోగా ముగించాలన్నట్టు చెప్పుకుపోయారు. ఉదాహరణలన్నీ పార్టీలు, సెలవులు, పిల్లల బొమ్మలే. పనిచేసేచోట రాసుకునే వాక్యాలు నేనే తయారు చేసుకోవాల్సి వచ్చింది.

టీచర్‌గారి దిద్దుబాటు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఎర్ర గీత గీసి వదలరు. ఏ మాట వల్ల చదివేవాళ్ళకు ఏం అర్థమవుతుందో పక్కన రాస్తారు. చివరి వారం నేను ఆ 14వ లాట్ రిపోర్టునే మళ్ళీ రాసి పంపాను: ‘ఎ ఫ్యూ ఆఫ్ ద సీల్స్ ఇన్ లాట్ 14 వర్ లూజ్’. ‘ఎ’ ఉంది, ‘ఆఫ్’ ఉంది, ‘వర్’ ఉంది. తప్పేమీ లేదని వచ్చింది. కింద ఒక్క ప్రశ్న రాశారు: “సరిగ్గా ఎన్ని?” ఆ రాత్రి నేను లెక్కపెట్టలేదు. ఆ ప్రశ్న చూశాక చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఇప్పుడు లాట్ అనుమానంగా ఉంటే ముందు లెక్కపెడతాను. అంకె తెలిసినచోట అంకే వేస్తాను, లెక్కకు అందనిచోటే ‘ఎ ఫ్యూ’, ‘సమ్’ రాస్తాను.

ఐదుకి నాలుగు ఇస్తున్నాను. ఆ ఒకటి తగ్గించింది కంప్యూటర్ దిద్దుబాటుకి, ఆరో వారం తొందరకి. ఇంగ్లీషు మొదటినుంచీ నేర్చుకోవాలనుకునేవాళ్ళకు ఇది సరిపడదు, టెన్సులు కొంతైనా తెలిసి ఉండాలి. రిపోర్టులు, మెయిళ్ళు రాసే ఉద్యోగమైతే తప్పకుండా తీసుకోండి. వారం చివరి పేరాకి కోర్సులో ఇచ్చిన విషయం వద్దు, మీరు నిజంగా రాసిన పాత కాగితం ఒకటి పంపండి. డే షిఫ్ట్‌లో ఉండే నా స్నేహితురాలు సోమవారం నుంచి మొదలుపెడుతోంది. తనకి నా నోట్సు ఇచ్చాను, మూడో వారం పేజీ మడిచి.